పాటకు ఊరూ పేరూ లేవా?

సంగీతాన్ని శాస్త్రీయం, లలితం, జానపదం, గిరిజనం అని విభజించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క దస్త్రం తెరవడం ఈ దేశపు సాంస్కృతిక సంస్థలకు చిరకాలంగా ఉన్న అలవాటు. పరిపాలనా సౌలభ్యం కోసం ఏర్పడిన ఈ విభజన క్రమక్రమంగా ఒక సిద్ధాంతం హోదాను పొందింది. ఏ దస్త్రంలోనూ ఇమడని సంగీతం అధికార దృష్టికి ఆననే ఆనదు. ఇది ఒక లోపం. ఇంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. ‘జానపదం అందరి సొత్తు’ అనే మాటను పండితులు, పాలకులు, వ్యాపారులు, శ్రోతలు ఏ విమర్శా లేకుండా అంగీకరించారు. వినడానికి ఎంతో ఉదారంగా తోచే ఈ మాట ఆచరణలో పాడిన మనిషికి పేరు లేకుండా, పాట పుట్టిన ఊరికి ఉనికి లేకుండా చేస్తున్నది. అందరి సొత్తు అనిపించుకొన్నది చివరకు ముందుగా చేజిక్కించుకొన్నవారి సొత్తుగా పరిణమిస్తున్నది.

ఒక స్వతంత్ర బృందం రూపొందించిన ఒక ఆల్బమ్ ఎలా తయారైందో, దానికి ఎటువంటి ఆదరణ లభించిందో పరిశీలిస్తే ఈ రెండు లోపాలూ స్పష్టమవుతాయి. ఆ బృందం ‘ఇండియన్ ఓషన్’. ఆ ఆల్బమ్ 2000లో వెలువడిన ‘కందీసా’. దోషుల జాబితా తయారుచేయడానికి కాక, నిజాయితీగా జరిగిన పనిలో కూడా వ్యవస్థ లోపం ఎంతగా బయటపడుతుందో చూపడానికే ఇక్కడ దీనిని ఉదాహరణగా తీసుకోవలసి వస్తున్నది.

1990లో ఢిల్లీలో ఈ బృందం రూపుదిద్దుకొంది. గిటార్ వాద్యకారుడు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అసీమ్ చక్రవర్తి దీనికి మూలస్తంభాలు. తరువాత బేస్ గిటార్‌తో రాహుల్ రామ్, డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ వచ్చి చేరారు. తొలి ఆల్బమ్ 1993లో వచ్చింది. 1997 నాటి ‘డెజర్ట్ రెయిన్’ స్టూడియోలో చేసినది కాదు. వీధినాటకం ఆడుతుండగా దాడికి గురై 1989 జనవరి 2న కన్నుమూసిన సఫ్దర్ హష్మీ స్మృత్యర్థం ఢిల్లీలో సహమత్ సంస్థ నిర్వహించిన కార్యక్రమంలో ప్రేక్షకుల సమక్షంలో చేసిన కచేరీకి ధ్వనిముద్రణ అది. ఆ తరువాత వచ్చినదే ‘కందీసా’. సినిమా పాటే పాటగా చలామణీ అయ్యే దేశంలో వీరికి వచ్చిన పేరు సినిమా ద్వారా వచ్చినది కాదు. అనురాగ్ కశ్యప్ ‘బ్లాక్ ఫ్రైడే’ చిత్రానికి వీరు సంగీతం సమకూర్చడం ‘కందీసా’ తరువాతి సంగతి.

ఈ ఆల్బమ్‌లో ఏడు రచనలున్నాయి. వాటిలో మూడింటి పుట్టుక ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది. మొదటిది ‘మా రేవా’. రేవా అంటే నర్మద. నర్మదా లోయ ప్రజలు నదీమతల్లిని కీర్తిస్తూ పాడుకొనే పాట ఇది. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ పొంది స్వదేశానికి తిరిగివచ్చి, 1990ల తొలినాళ్లలో నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. ఆ పాట ఆయనకు ఏ గ్రంథాలయంలోనో దొరికినది కాదు, ఆ నది ఒడ్డున ఆ ప్రజలతో కలిసి బతికిన కాలంలో లభించినది. రెండవది ‘హిల్లే రే’. దీనికి ఆధారం గోరఖ్ పాండే భోజపురి రచన. ఆయన 1945లో పుట్టి 1989లో మరణించిన కవి. ఆయన పాటలు ఉద్యమ సభలలో నోటినుంచి నోటికి ప్రచారమయ్యాయి. మూడవది శీర్షికాగీతమైన ‘కందీసా’. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో తరతరాలుగా వినిపించిన ప్రార్థన అది. దాని భాష సిరియాక్. అరమాయిక్ భాషకు అది ఒక రూపం. ఆ మాటకు పరిశుద్ధుడని అర్థం. సిరో మలబార్ సంఘం 1962లో ఆరాధనను మలయాళంలోకి మార్చుకొన్న తరువాత సిరియాక్‌లో పాడగలిగినవారు తగ్గిపోతూ వచ్చారు.

నర్మద ఒడ్డు, భోజపురి కవి గొంతు, కేరళ ప్రార్థనామందిరం ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన నిలిచాయి. గిటార్, బేస్, డ్రమ్స్ సరసన తబలా పలికింది. బావుల్ గాయకుల చేతి వాద్యమైన గబ్‌గుబీని అమిత్ కిలమ్ ఆధునిక వేదికమీదికి తెచ్చారు. విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో, నగరాలలో యువతరం ఈ ఆల్బమ్‌ను అక్కున చేర్చుకొంది. సిరియాక్‌లో ఒక్క మాటకైనా అర్థం తెలియని శ్రోతలు ఆ ప్రార్థనతో గొంతు కలిపారు. స్వతంత్ర బృందాల చరిత్రలో ఇది చెప్పుకోదగిన విజయం అనడంలో సందేహం లేదు.

అయితే ఆ ఆదరణ ఏ మాటలలో వ్యక్తమైందన్నది గమనించాలి. ‘ఫ్యూజన్’ అన్నారు. ‘ప్రపంచ సంగీతం’ అన్నారు. ‘మట్టి వాసన’ అన్నారు. ఈ మూడు మాటలూ మెచ్చుకోళ్లే. ఈ మూడూ ఒక ముఖ్యమైన ప్రశ్నను దాటవేసినవే. ఫ్యూజన్ అనే మాట రెండు లోహాలను కలిపి పోతపోసిన భావాన్ని కలిగిస్తుంది. పోతపోసేవాడు కళాకారుడు, లోహం కేవలం ముడిసరుకు. నర్మదా లోయలో పాడేవారు ముడిసరుకు కారు. వారూ కళాకారులే. ఒక వాక్యాన్ని ఎక్కడ ఆపాలో, ఏ పదాన్ని ఎక్కడ సాగదీయాలో నిర్ణయించుకొంటూ ఆ పాటను తరతరాలుగా తీర్చిదిద్దినవారు వారే. ‘మట్టి వాసన’ అనేవారికి ఆ మట్టి ఏ తాలూకాదో తెలుసుకోవాలన్న కుతూహలం లేకపోవడం శోచనీయం.

జానపద గీతాన్ని ఆధునిక వాద్యాలతో పాడడంపై రెండు వాదాలు చిరకాలంగా ఉన్నాయి. రెండూ సగం సత్యాలే. మొదటిది శుద్ధివాదం. గిటార్ తగిలితే పల్లెపాట మైలపడుతుందన్నది దీని సారాంశం. ఈ వాదం చరిత్రకు నిలవదు. బాలుస్వామి దీక్షితార్ కాలంలో కర్ణాటక సంగీతంలోకి వచ్చిన వయొలిన్ యూరపు వాద్యం. ఈనాడు అది లేని కచేరీని ఊహించడం కష్టం. హార్మోనియం కూడా విదేశాలనుంచి వచ్చినదే. 1940లో ఆకాశవాణి ఆ వాద్యాన్ని నిషేధించింది, మూడు దశాబ్దాలకు పైగా ఆ నిషేధం కొనసాగింది. ఆ కాలమంతటా తెలుగునాట నాటక సమాజాలు, హరిదాసులు, భజన బృందాలు ఆ పెట్టెను వదలలేదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటను దూరం పెడితే శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. నిషేధాలతో సంగీతాన్ని శుద్ధి చేయాలన్న ప్రయత్నం ఎన్నడూ సఫలం కాలేదు. పైగా పల్లె ఏనాడూ శుద్ధివాదాన్ని కోరలేదు. డప్పు ప్రక్కన క్లారినెట్ చేరినప్పుడు, ఊరేగింపులో బ్యాండు మేళం వచ్చినప్పుడు పల్లె దానిని ఆనందంగానే స్వీకరించింది. మార్పును అడ్డుకొనే అధికారం పల్లె పేరిట నగర పండితునికి ఎవరూ ఇవ్వలేదు.

రెండవది స్వేచ్ఛావాదం. ఇది మొదటిదానికంటె ఎక్కువ మర్యాదస్తుల మాట, కనుకనే ఎక్కువ హానికరం. జానపద గీతానికి కర్త లేడు, కాబట్టి ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు అన్నది ఈ వాదం. పాడుకోవచ్చుననడంలో ఎవరికీ పేచీ లేదు. కర్త లేడనడం దగ్గరే పేచీ. కర్త లేడనడానికీ, కర్తను వెదకలేదనడానికీ ఎంతో తేడా ఉంది.

ఈ తేడా ఎంత పెద్దదో బెంగాల్ అనుభవం నిరూపించింది. బీర్భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970ల తొలినాళ్లలో ఒక పాట కట్టారు. 1976లో స్వప్నా చక్రవర్తి గొంతులో రికార్డుగా వెలువడి అది బెంగాల్ అంతటా వ్యాపించింది. క్రమంగా అది ‘బెంగాలీ జానపదం’ అయిపోయింది. 2020లో ఆ పాట పల్లవిని వాడుకొంటూ గాయకుడు బాద్షా కొత్త పాట విడుదల చేసినప్పుడు మూలకర్త పేరు అందులో లేదు. నిరసన వ్యక్తమైన తరువాత, ముందటి రికార్డులలో ఎక్కడా ఆ పేరు తనకు కనిపించలేదని బాద్షా వివరించారు. వృద్ధ కళాకారునికి 5 లక్షల రూపాయలు పంపించారు. 2024లో కేంద్ర ప్రభుత్వం రతన్ కహార్‌ను పద్మశ్రీతో గౌరవించింది. ఈ ఉదంతంలో గ్రహించవలసినది వ్యక్తుల తప్పొప్పులను కాదు. కర్త సజీవంగా ఉండగానే, తన జిల్లాలో తాను పాడుతూ ఉండగానే, కాగితాలలో అతని పాటకు కర్త లేకుండా పోయాడు. ఒకసారి ‘సంప్రదాయం’ అని రాసిన కాగితం తరువాతి ప్రతి కాగితానికీ సాక్ష్యంగా మారింది.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. నిజాం పాలనను నిలదీస్తూ తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గౌతం ఘోష్ ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతులో విన్న లక్షలాదిమందిలో ఎందరికి ఆ కర్త పేరు తెలుసు? అదే చిత్రంలో వినిపించిన పశులకాపరి బాలుని పాట సుద్దాల హనుమంతు రచన. ఈ ఇద్దరి పేర్లు నిలిచాయంటే అది ఉద్యమాల జ్ఞాపకశక్తి వల్ల, కొందరు పరిశోధకుల పట్టుదల వల్ల. జానపద గేయాల పరిశోధనకు బాట వేసిన బిరుదురాజు రామరాజు, పల్లెపల్లెకూ తిరిగి పాటలు సేకరించిన నేదునూరి గంగాధరం వంటివారు చేసిన కృషి ఇక్కడ స్మరణీయం. అటువంటి జ్ఞాపకం, పట్టుదల లేనిచోట ఎన్ని పేర్లు మట్టిలో కలిశాయో లెక్క కట్టే మార్గం లేదు.

ఇక చట్టం సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టం కర్త తెలిసిన రచనకు కర్త జీవితకాలంతో పాటు మరణానంతరం 60 సంవత్సరాలు రక్షణ ఇస్తుంది. ధ్వనిముద్రణకు ప్రచురణ నాటినుంచి 60 సంవత్సరాల రక్షణ ఉంది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు చట్టంలో చేరాయి. 2012 సవరణ ప్రదర్శకులకు రాయల్టీలో వాటా, పేరు పేర్కొనవలసిందని కోరే నైతిక హక్కు ఇచ్చింది. ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే ఈ మెట్లలో ఏ మెట్టుమీదా ఒక పల్లె నిలబడలేదు. తరతరాల సమూహ సృష్టికి ఈ చట్టంలో కర్త లేడు. ఆ పాటను రికార్డు చేసిన సంస్థకు ధ్వనిముద్రణపై హక్కు ఉంటుంది. కొత్తగా వాద్య సహకారం కూర్చిన సంగీతకారునికి ఆ కూర్పుపై హక్కు ఉంటుంది. పాటను నేర్పిన ముసలమ్మకు ఏ హక్కూ లేదు. ఆమె స్వయంగా మైకు ముందు పాడితే ప్రదర్శకురాలు అవుతుంది. గడపలో కూర్చోబెట్టుకొని నేర్పితే చట్టం దృష్టిలో ఆమె ఎవరూ కాదు.

ప్రభుత్వాలకు ఈ సమస్య తెలియదనడానికి వీలులేదు. జానపద వ్యక్తీకరణల రక్షణకై యునెస్కో, ప్రపంచ మేధాసంపత్తి సంస్థ కలిసి 1982లోనే నమూనా నిబంధనలు రూపొందించాయి. అవ్యక్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణపై 2003లో యునెస్కో ఒప్పందం కుదిరింది. 2005లో భారతదేశం దానిని ధ్రువీకరించింది. 2024 మే నెలలో జెనీవాలో జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానంపై ఒక అంతర్జాతీయ ఒప్పందం ఆమోదం పొందింది. అందులో పాటకు, ఆటకు, కథకు చోటు దక్కలేదు. నలభై సంవత్సరాలకు పైగా చర్చ సాగింది. మొక్కకు, మందుకు దారి దొరికింది. పాట మాత్రం వాకిట్లోనే నిలిచిపోయింది.

సంకల్పం ఉంటే ఈ దేశం ఏమి చేయగలదో పసుపు వివాదం చాటింది. గాయాలను మాన్పే గుణం పేరుతో పసుపుపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరైంది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి సవాలు చేయగా 1997లో అది రద్దయింది. ఆ అనుభవంతో సంప్రదాయ వైద్య విజ్ఞానానికి ప్రత్యేకమైన డిజిటల్ గ్రంథాలయం ఏర్పడింది. 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టం వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కు, కొండపల్లి బొమ్మకు ఊరిపేరు చట్టబద్ధమైన ఆస్తిగా మారింది. ఎక్కడో నేసిన చీరను పోచంపల్లి చీర అని అమ్మితే నేరం. కాని ఆ చట్టం సరుకులకే పరిమితం. నేతగాని చేతిలోని చీరకు దక్కిన గుర్తింపు, అతడు మగ్గం ముందు పాడుకొనే పాటకు దక్కలేదు.

‘కందీసా’ బృందం వేదికల మీద పాటల పుట్టుకను దాచలేదు. ‘మా రేవా’ నర్మదా లోయ పాట అని, ‘కందీసా’ కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అని ప్రేక్షకులకు చెబుతూ వచ్చింది. ఇది సంస్కారం. కాని సంస్కారం వ్యక్తుల గుణం, వ్యవస్థకు అది ప్రత్యామ్నాయం కాజాలదు. కచేరీలో చెప్పిన మాట ఆ సాయంత్రంతో ముగుస్తుంది. పాట మాత్రం ఇంటింటికీ, ఫోను ఫోనుకూ ప్రయాణం చేస్తూనే ఉంటుంది. దానివెంట చెక్కుచెదరకుండా ప్రయాణం చేయవలసినది ఆధారాల పట్టిక. అటువంటి పట్టికను తప్పనిసరి చేసే నియమం ఏదీ లేనప్పుడు, నిజాయితీపరులైన కళాకారులకు, వాడుకొని పేరు మింగేసేవారికి మధ్య కాగితంమీద తేడా మిగలదు. నిజాయితీపరులకు ఇంతకంటె పెద్ద అన్యాయం లేదు.

ఈ బృందానిదే మరొక చర్య ఇక్కడ పరిశీలనార్హం. ‘16/330 ఖజూర్ రోడ్’ అనే ఆల్బమ్‌ను 2010లో వీరు నెలకొక పాట చొప్పున అంతర్జాలం ద్వారా ఉచితంగా అందించారు. అది కరోల్‌బాగ్‌లో తాము సాధన చేసిన ఇంటి చిరునామా. అసీమ్ చక్రవర్తి అంతకు కొన్ని నెలల ముందు, 2009 డిసెంబరు 25న కన్నుమూశారు. తమ సొంత సృష్టిని తామే ఉచితంగా పంచిపెట్టడం యజమాని ఔదార్యం. నర్మదా లోయ పాట ఉచితం అనడం అటువంటిది కాదు. ఆ లోయను ఎవరూ అడగలేదు, ఆ లోయ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చేవాని ప్రమేయం లేని ఉచితాన్ని దానమని ఏ ధర్మశాస్త్రమూ అనదు. గమనిస్తే, ఆ బృందం తన సాధన జరిగిన ఇంటి నంబరునే ఆల్బమ్ పేరుగా పెట్టుకొంది. పాట పుట్టినచోటు ముఖ్యమని అంతకంటె బాగా ఎవరు చెప్పగలరు? ఆ గౌరవమే ప్రతి జానపద గీతానికీ దక్కాలన్నది న్యాయమైన కోరిక.

పాటకు చిరునామా అవసరమనడం కేవలం మర్యాద విషయం కాదు. ‘కందీసా’ వెలువడిన 2000 సంవత్సరంలోనే, అక్టోబరు 18న, సర్దార్ సరోవర్ ఆనకట్ట నిర్మాణం కొనసాగవచ్చునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 సెప్టెంబరు 17న ఆనకట్ట జాతికి అంకితమైంది. 2019 సెప్టెంబరులో జలాశయం తొలిసారిగా 138.68 మీటర్ల పూర్తి మట్టానికి నిండింది. మధ్యప్రదేశ్‌లోని బడ్వానీ, ధార్ జిల్లాలలో నది ఒడ్డు గ్రామాలు నీటిలో కలిశాయి. ఆ ప్రాజెక్టు మంచిచెడ్డలు ఇక్కడ చర్చనీయాంశం కావు. గుజరాత్‌లో దాహం తీరినవారూ ఉన్నారు, లోయలో ఇల్లు పోయినవారూ ఉన్నారు. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. ముంపు గ్రామాలలో భూములకు, ఇళ్లకు, చెట్లకు, బావులకు లెక్క కట్టే పద్ధతి ప్రభుత్వం వద్ద ఉంది. పాటకు లెక్క కట్టే పద్ధతి లేదు. ఒడ్డు మునిగిన తరువాత ఆ ఒడ్డున ఎవరు ఏ పాట పాడేవారో చెప్పగలిగిన జాబితా లేకపోతే, నగరంలో వినిపించే ఆ పాట నిజంగానే ఎవరిదీ కాకుండా పోతుంది. తెలుగు నేలమీద శ్రీశైలం జలాశయం కింద, పోలవరం ముంపు ప్రాంతంలో గ్రామాలు, గూడేలు ఖాళీ అయినప్పుడు కూడా ఈ ప్రశ్నే తలెత్తవలసి ఉండింది.

సాంస్కృతిక సంస్థలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1953లో ప్రారంభమైన సంగీత నాటక అకాడమీ, 1980లలో ఏర్పడిన ఏడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు, దశాబ్దాలుగా పల్లె గొంతులను ధ్వనిముద్రణ చేసిన ఆకాశవాణి కేంద్రాలు అమూల్యమైన నిధిని పోగుచేశాయి. కోమల్ కొఠారీ, విజయదాన్ దేథా 1960లో రాజస్థాన్‌లోని బోరుందాలో స్థాపించిన రూపాయన్ సంస్థాన్ ప్రైవేటు కృషికి ఉత్తమ ఉదాహరణ. లంగా, మాంగణియార్ గాయకులను ప్రపంచానికి పరిచయం చేసినవారు కొఠారీ. అయినా 1999లో ఒక హిందీ చిత్రంలో మాంగణియార్ల నిమ్మపండు పాట దేశమంతటా మారుమోగినప్పుడు, కోట్లాదిమంది దానిని సినిమా పాటగానే గుర్తుంచుకొన్నారు. నిధి పోగైనంత మాత్రాన చాలదు. అది తాళం వేసిన బీరువాలో ఉన్నంతకాలం బజారులో జరిగే లావాదేవీలకు సాక్ష్యం చెప్పలేదు.

విభాగాల విషయానికి మళ్లీ రావాలి. ఇండియన్ ఓషన్ జీవితంపై జైదీప్ వర్మ తీసిన ‘లీవింగ్ హోమ్’ చిత్రానికి 2010 సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారాలలో కళా, సాంస్కృతిక చిత్రాల విభాగంలో గౌరవం దక్కింది. సినిమాకు దస్త్రం ఉంది, కనుక సినిమాకు గుర్తింపు దక్కింది. స్వతంత్ర బృందాల సంగీతానికి దస్త్రం లేదు. 1977లో కలకత్తాలో ‘మొహీనేర్ ఘొరాగులి’ బృందం బావుల్ బాణీలను, పాశ్చాత్య వాద్యాలను కలిపి తొలి ఆల్బమ్ తెచ్చినప్పుడు దానిని ఆదరించినవారు బహు కొద్దిమంది. 1981 నాటికి ఆ బృందం చెదిరిపోయింది. 1995లో గౌతమ్ చటోపాధ్యాయ పర్యవేక్షణలో ఆ బృందం పేరిట కొత్త సంకలనం వెలువడిన తరువాతనే బెంగాల్ ఆ సంగీతం విలువను గుర్తించింది. గుర్తింపుకోసం రెండు దశాబ్దాలు నిరీక్షించే ఓపిక ప్రతి బృందానికీ ఉండదు. పల్లెను, నగరాన్ని కలిపే ఇటువంటి బృందాలను ప్రభుత్వం పట్టించుకోకపోతే, వాటికి నియమం చెప్పే నైతిక అర్హత కూడా ప్రభుత్వానికి ఉండదు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. మొదటిది, జానపద మూలం గల ప్రతి ధ్వనిముద్రణలోనూ పాట ఏ ప్రాంతానిదో, ఏ సమూహానిదో, ఎవరినుంచి నేర్చుకొన్నదో, ఏ సంవత్సరంలో సేకరించినదో రాయడం తప్పనిసరి కావాలి. అంతర్జాలంలో పాటలు వినిపించే సంస్థలు కోరే వివరాల పట్టికలో ‘సంప్రదాయం’ అనే ఒక్క మాటతో సరిపెట్టే వీలు ఉండకూడదు. రెండవది, ఆకాశవాణి, అకాడమీల వద్దనున్న రికార్డుల జాబితాలను పాడినవారి పేర్లతో సహా ప్రజలకు అందుబాటులోకి తేవాలి. వైద్య విజ్ఞానానికి చేసినది పాటకు ఎందుకు చేయకూడదు? మూడవది, కర్త తెలియని పాట వ్యాపారంగా మారినప్పుడు రాబడిలో నిర్ణీతమైన చిన్న భాగం ఆ ప్రాంతపు కళాకారుల సంక్షేమానికి చేరాలి. నాలుగవది, భారీ ప్రాజెక్టుల పునరావాస సర్వేలో భాషను, పాటను, కథను నమోదు చేయడం భాగం కావాలి.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. ఒకే పాట పది ఊళ్లలో ఉంటే ఏ ఊరి పేరు రాయాలన్నది ఒకటి. నేర్చుకొన్న ఊరి పేరు రాయాలి. పది ఊళ్లలో ఉందని తెలిస్తే ఆ సంగతీ రాయాలి. వంశవృక్షం గీయమని ఎవరూ అడగడం లేదు, తెలిసిన సత్యాన్ని దాచవద్దని మాత్రమే అడుగుతున్నారు. నియమాలు పెడితే యువ కళాకారులు జానపదం జోలికి రారన్నది రెండవ ఆక్షేపణ. అనుమతి పత్రాలు, రుసుములు, కార్యాలయాల చుట్టూ ప్రదక్షిణలు పెడితే ఆ భయం నిజమవుతుంది. అందుకే అనుమతి అవసరం ఉండకూడదు. పాడే స్వేచ్ఛ పూర్తిగా ఉండాలి, పేరు చెప్పే బాధ్యతా పూర్తిగా ఉండాలి. కవితను ఉదహరించే విమర్శకుడు కవి పేరు రాస్తాడు. దానివల్ల సాహిత్య విమర్శ ఎక్కడా ఆగిపోలేదు.

జానపదాన్ని ప్రేమించడం తేలిక. ఉత్సవాలలో వేదికనెక్కించి, శాలువా కప్పి, ఛాయాచిత్రం తీయించుకోవడం ఇంకా తేలిక. ఆ గాయకురాలి పేరును ఆమె పాట వెళ్లిన ప్రతిచోటికీ పంపించడమే కష్టమైన పని, చేయవలసిన పని. ‘కందీసా’ వంటి ఆల్బమ్‌లు మారుమూల పాటకు దేశవ్యాప్తంగా శ్రోతలున్నారని నిరూపించాయి. ఆ శ్రోతలకు పాట పుట్టినచోటు తెలిపే బాధ్యత ప్రభుత్వానిది, సంగీత సంస్థలది, సాహితీపరులది. పోచంపల్లి చీరకు ఊరుంది, కొండపల్లి బొమ్మకు ఊరుంది. పాటకూ ఊరుంది, పేరుంది. రాయవలసినచోట వాటిని రాయడమే ఇక మిగిలింది.